వచ్చి కలుస్తారు

ఆ ఆఫీసులో ఆదివారం నాడు పనిచేసేవి రెండే: గోడ గడియారం, తాళాల తాత. గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తుంది. తాత అంతకంటే ఇంకాస్త వెనక.

"వస్తున్నా, వస్తున్నా, తలుపు ఎక్కడికీ పోదు కదమ్మా," అంటూ తాత తాళాలగుత్తితో వచ్చేసరికి పాపాయి వానలో సగం తడిసింది. ముప్పయ్యారేళ్ళ మనిషికి పాపాయి అనే పేరేమిటంటే, అమ్మ పిలిచిన పిలుపు అలా అంటుకుపోయింది. ఆఫీసుల్లో కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలపడం, వాటిలో ప్రోగ్రాములు ఎక్కించడం ఆవిడ పని. మోచేతిదాకా వైర్లు చుట్టుకుని నిచ్చెనెక్కి నిలబడితే పాపాయి అని పిలవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. తాతకి మాత్రం చాలుతుంది. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు ఇదే మెట్ల మీద కూర్చోబెట్టి బిస్కట్లు పెట్టినవాడు.

లిఫ్టులు బిగించే కంపెనీ అది. ఊళ్ళో సగం మేడలకి లిఫ్టులు వాళ్ళవే. సొంత లిఫ్టు మాత్రం పైకి పోయేటప్పుడు ముసలి గేదెలా మూలుగుతుంది. పాపాయి దాన్ని నమ్మక మెట్లెక్కి రెండో అంతస్తుకి చేరింది.

ముందు గది అలాగే ఉంది. కిటికీకి వీపు పెట్టి ఉన్న కుర్చీ, దాని ముందు పొడుగు బల్ల. ఇరవై ఏడేళ్ళు అమ్మ కూర్చున్న చోటు. ఈ ఆఫీసులో ఎవరు ఎక్కడికి ఫోను చెయ్యాలన్నా ముందు సున్నా నొక్కాలి. నొక్కితే అమ్మ పలికేది. బయటి లైన్లన్నీ ఆవిడ ముందున్న ఫోను బోర్డులోకే వచ్చేవి, ఒక్కో లైనుకి ఒక్కో దీపం. అందుకని అందరూ ఆవిణ్ణి సున్నా మేడమ్ అనేవాళ్ళు. ఆవిడకి కోపం వచ్చేది కాదు. "నన్ను పక్కన పెట్టుకుంటే ఎవరి విలువైనా పదింతలు," అని నవ్వేది.

కిందటేడు ఇదే కుర్చీలో, పట్టపగలు నాలుగూ నలభైకి, బల్ల మీద తల వాల్చి పోయింది. నిద్రపోతోందనుకున్నారట.

దానికి అరగంట ముందు, నాలుగూ పదికి, ఆవిడ పాపాయికి ఫోను చేసింది. పాపాయి అప్పుడు ఇంకో ఆఫీసులో నిచ్చెన మీదుంది. నోట్లో స్క్రూలు, చేతిలో వైరు. బొటనవేలితో కట్ చేసి పడేసింది. ఫోను తన పాటికి తాను 'పనిలో ఉన్నాను, తర్వాత చేస్తాను' అని జవాబు పంపేసింది. ఆ తర్వాత ఇక చెయ్యడానికి అవతల మనిషి లేదు.

అమ్మ ఎప్పుడు ఫోను చేసినా మొదటి మాట ఒకటే. "ఖాళీయేనా, పాపాయీ?" ఖాళీ లేదంటే ఒక్క ముక్క మాట్లాడకుండా పెట్టేసేది. అంత మర్యాద. ఆ రోజు ఏం చెప్పాలనుకుంది? ఏడాదిగా పాపాయిని పీక్కుతింటున్నది ఈ ఒక్క ప్రశ్నే. అన్నం ముందు కూర్చున్నా అదే, నిచ్చెన మీద నిలబడ్డా అదే. ఈ ఆఫీసు పని చేతికొచ్చినప్పుడు మారుమాట లేకుండా ఒప్పుకుంది కూడా అందుకే. ఆ బల్లని ఒకసారి ముట్టుకుని చూడాలనిపించింది. అంతకంటే కారణం ఏమీ లేదు.

పని చిన్నదే. ఫోనుల్లో వచ్చే కబుర్లు ఇకమీదట కాగితాల మీద రాయరు. ముందు గదిలో కూర్చునే అమ్మాయి తన కంప్యూటర్లో టైపు చేస్తే, ఎవరి కబురు వాళ్ళ తెర మీద చిన్న పెట్టెలా ప్రత్యక్షమవుతుంది. అడుగున 'అందింది' అని ఒక బటన్. అది నొక్కేదాకా పెట్టె తెర మీంచి కదలదు. అసలు ప్రోగ్రాము లోపలి గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. మిగతా పధ్నాలుగింటికీ అక్కణ్ణించే ఎక్కించాలి.

మేనేజరు ఒక షరతు పెట్టాడు. "నాకెవరూ చెప్పలేదండీ అనే మాట ఈ ఆఫీసులో ఇక వినపడకూడదు. వచ్చిన కబురు ఎవరూ చెరిపెయ్యడానికి వీల్లేకుండా చెయ్యండి. పంపినవాళ్ళు కూడా. ఎవరు అందుకున్నారో, ఎన్నింటికి అందుకున్నారో పేరుతో సహా ఉండాలి." సరేనని పాపాయి ఆ ఏర్పాటే చేసింది. ఆ ఏర్పాటు తీసెయ్యాలంటే మేనేజరు దగ్గరున్న పాస్‌వర్డు కావాలి.

ముందు అమ్మ పాత ఫోను బోర్డు విప్పేసి, దాని చోట కొత్త ఫోను పెట్టింది. రెండున్నరకల్లా పధ్నాలుగింట్లోనూ ఎక్కించడం అయిపోయింది. బయట వాన మళ్ళీ పట్టుకుంది. మబ్బు ఎంత కమ్మిందంటే మధ్యాహ్నమే దీపాలు వెయ్యాల్సి వచ్చింది. ఖాళీ కుర్చీలు, ఖాళీ బల్లలు, పధ్నాలుగు తెరల నీలం వెలుతురు. ఎక్కడో కిటికీ సందులోంచి చినుకు పడుతున్న చప్పుడు... టప్. టప్.

ఇక పరీక్ష. మామూలుగా ఈ పని చేసేవాళ్ళు 'టెస్ట్ టెస్ట్' అని కొట్టి చేతులు దులుపుకుంటారు. పాపాయికి అది సుతరామూ నచ్చదు. నిజం కబురంత పొడుగు వాక్యం కొడితేగాని ఏ అక్షరం విరుగుతోందో, ఏ వరస తెగిపోతోందో తెలియదంటుంది. నిజం కబుర్ల కోసం అమ్మ బల్ల సొరుగు లాగింది.

గుప్పున వాసన కొట్టింది. తలనొప్పి మందు. నలుగురి నోళ్ళూ పెట్టే రిసీవరని అమ్మ రోజూ పొద్దున్నే మాట్లాడే వైపు ఆ మందు కాస్త రాసేది. పాపాయి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

సొరుగులో గులాబీ రంగు కాగితాల కట్ట, దాని పక్కన ఇనప చువ్వ. పైకి నిలబడిన పొడుగాటి సూది లాంటిది. అమ్మ పద్ధతి పాపాయికి కంఠోపాఠం. కబురు చెప్పినవాళ్ళు ఫోను పెట్టకముందే, రాసుకున్నది వాళ్ళకి తిరిగి చదివి వినిపించేది. తర్వాత ఆ కాగితం ఎవరిదో వాళ్ళ చేతికే ఇచ్చేది. తీసుకున్నవాళ్ళు కింది మూల సంతకం పెట్టాలి. ఒకరికొచ్చిన కబురుకి ఇంకొకరు సంతకం పెడతామంటే చచ్చినా ఒప్పుకునేది కాదు. సంతకం కానివి చువ్వకి గుచ్చి ఉంచేది.

చువ్వని తీసి బల్ల మీద పెట్టింది. దానికి మూడు కాగితాలున్నాయి. మూడింటికీ సంతకం లేదు. పాపాయి మొదటిది తీసి చదివింది.

'ఎవరికి: స్టోర్ కీపర్. ఎవరు చేశారు: పేరు చెప్పలేదు. లైను: తొమ్మిది. విషయం: వాళ్ళ పెద్దన్నయ్య గొంతు. ఏ గదిలో కూర్చుంటారని అడిగారు. చెప్పలేదు.'

ప్రతి కాగితం అడుగునా మూడు గళ్ళు అచ్చువేసి ఉంటాయి. మళ్ళీ చేస్తారు. మీరు చెయ్యాలి. వచ్చి కలుస్తారు. మూడో గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంది.

రెండోది డ్రాయింగులు గీసే ఆవిడకి. 'పేరు చెప్పలేదు. లైను: తొమ్మిది. వాళ్ళ నాన్నగారి గొంతు. ఏ కుర్చీ అని అడిగారు. చెప్పలేదు.' మూడోది మేనేజరుకి. 'పేరు చెప్పలేదు. లైను: తొమ్మిది. వాళ్ళావిడ గొంతు. ఎటు తిరిగి కూర్చుంటారని అడిగారు. చెప్పలేదు.' మూడింట్లోనూ అదే గడి. వచ్చి కలుస్తారు.

ఇదేం చోద్యం, అన్నయ్యకి తమ్ముడి గది తెలియదా అనుకుంది పాపాయి. అమ్మ కూడా చోద్యమే. అడిగితే చెబితే పోయేదిగా!

నవ్వుకుని, మూడూ ఉన్నవి ఉన్నట్టు టైపు చేసింది. వరస తెగకుండా చక్కగా పట్టాయి. పంపింది. లేచి స్టోర్ కీపర్ గదికి వెళ్ళింది. తెర మధ్యలో పెట్టె వచ్చి కూర్చుని ఉంది. ఆయన పాస్‌వర్డు పాపాయికి తెలియదు కాబట్టి, ఒకరి బదులు ఇంకొకరు అందుకునే వీలు తన పేరు మీద ముందే పెట్టుకుంది. 'అందింది' నొక్కింది. డ్రాయింగ్ బల్ల దగ్గరా నొక్కింది. మేనేజరు గదిలోనూ నొక్కింది. అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

తిరిగి ముందు గదికొచ్చేసరికి తాళాల తాత టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. చూపు బల్ల మీది ఖాళీ చువ్వ మీదుంది. మొహంలో రక్తం లేదు.

"అవెందుకు తీశావమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఊరికే, పరీక్షకి. ఏం తాతా?"

"ఎక్కడివక్కడ పెట్టెయ్. పెట్టెయ్ తల్లీ."

పాపాయి పెట్టలేదు. తాతని కూర్చోబెట్టింది. ఏమిటో చెబితేగాని టీ తాగనని మొండికేసింది. తాత గుమ్మంవైపు రెండుసార్లు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"తొమ్మిదో లైను కంపెనీవాళ్ళు ఎప్పుడో పీకించేశారమ్మా. మూడేళ్ళవుతోంది. వైరు కూడా లేదు. అయినా మీ అమ్మగారి బోర్డు మీద తొమ్మిదో దీపం వెలిగేది. సాయంత్రం పూట. ఆవిడ ఎత్తేది. రాసుకునేది. ఎవరికీ ఇచ్చేది కాదు."

"ఎవరు చేసేవాళ్ళు?"

"స్టోర్ కీపర్‌గారి పెద్దన్నయ్య చిన్నప్పుడే పోయాడమ్మా. డ్రాయింగ్ మేడమ్‌గారి నాన్నగారు పోయి ఆరేళ్ళు. నీకు తెలియదు గానీ, మేనేజర్‌గారి భార్య కూడా పోయి చాలాకాలమైంది..."

పాపాయి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"వాళ్ళు కాదమ్మా అవి. గొంతులే వాళ్ళవి. ఒకటే అడిగేవి. ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ కూర్చుంటారు అని. ఇక్కడో గుమస్తా ఉండేవాడు. హాస్యాలరాయుడు. 'ఎవరిదైతే ఏం మేడమ్, వాళ్ళ బదులు నేను పెడతా' అని ఆవిడ చేతిలోంచి ఒక కాగితం లాక్కుని సంతకం గిలికేశాడు. ఆ సాయంత్రమే వాడికి ఫోనొచ్చింది. 'ఆఁ, ఇక్కడే, బీరువా పక్క బల్ల' అన్నాడు. నేను విన్నాను. నవ్వుతూనే అన్నాడు."

"తర్వాత?"

"చెప్పులు బల్ల కింద ఉన్నాయి. కళ్ళజోడు బల్ల మీదుంది. గేటు దగ్గర నేనే ఉన్నాను. వాడు బయటికి రాలేదు."

తాత టీ గ్లాసులు తీసుకుని లేచాడు. "సంతకం పెడితే వస్తాయి. చోటు చెబితే దొరుకుతాం. మీ అమ్మగారు నాతో అన్న మాట ఇది. పని అయిందనిపించి వెళ్ళిపోమ్మా, చీకటి పడకముందే." మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది.

ముసలాడి చాదస్తం అనుకోవడానికి పాపాయి శాయశక్తులా ప్రయత్నించింది. చేతులు మాత్రం ఆ మాట వినలేదు. వాటి పాటికవి కబుర్ల జాబితా తెరిచాయి. అందులో మూడు వరసలున్నాయి.

స్టోర్ కీపర్ బదులు అందుకున్నది: పాపాయి.

డ్రాయింగ్ మేడమ్ బదులు అందుకున్నది: పాపాయి.

మేనేజరు బదులు అందుకున్నది: పాపాయి.

అమ్మ ఇరవై ఏడేళ్ళలో ఎవరినీ చెయ్యనివ్వని పని తను పది నిమిషాల్లో మూడుసార్లు చేసింది. చెరపబోయింది. 'వీలుపడదు' అంది తెర. అవునుమరి, వీలుపడకుండా చేసింది తనేగా! మేనేజరుకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

లోపలి గదికి పరిగెత్తింది. పెద్ద కంప్యూటరు మీట నొక్కి ఆపేసింది. వైరు పీకింది. ఫాను చప్పుడు కాసేపు ఈలలా తగ్గి ఆగిపోయింది. ఊపిరి పీల్చుకుంది. ఇక ఏ కబురూ ఎక్కడికీ పోదు. సంచీ తీసుకుని వెళ్ళిపోతే సరి.

సంచీ అమ్మ బల్ల మీద ఉంది.

ముందు గదిలో అడుగు పెట్టగానే తెర మీద పెట్టె కనిపించింది. మిగతా పదమూడు తెరల మీదా 'ప్రోగ్రాము దొరకడం లేదు' అనే ఉంది. ఈ ఒక్క తెర మీదే...

ఎవరికి: పాపాయి.

ఎవరు చేశారు: అమ్మ.

ఎన్నింటికి: 4.10.

విషయం కనబడలేదు. 'అందింది' నొక్కితేనే పూర్తిగా తెరుచుకుంటుంది. గోడ గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. అది ఐదు నిమిషాలు వెనక.

సంతకం పెడితే వస్తాయన్నాడు తాత. పాపాయికి ఆ మాట గుర్తుంది. బాగా గుర్తుంది. కానీ అడుగున ఉన్న మూడు గళ్ళల్లో టిక్కు 'వచ్చి కలుస్తారు' దగ్గర లేదు. 'మళ్ళీ చేస్తారు' దగ్గరుంది. పైన 'పేరు చెప్పలేదు' అని లేదు. అమ్మ అని ఉంది. ఏడాదిగా ఏ మాట కోసం ఏడ్చిందో ఆ మాట ఒక్క వేలు దూరంలో ఉంది. నొక్కకుండా ఎవరు వెళ్ళిపోగలరు? మీరైతే వెళ్ళేవారా?

కుర్చీలో కూర్చుని నొక్కింది.

'పాపాయీ, పనిలో ఉన్నట్టున్నావు. పరవాలేదు. తొమ్మిదో లైనులో ఇవాళ నీ పేరు మీద ఒకటి వచ్చింది. నీ బదులు నేనే సంతకం పెట్టేశాను. చోటు కూడా చెప్పేశాను, నా కుర్చీయే. ఇక నీ జోలికి రారు. చువ్వకి మూడు ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వనివ్వకు, నువ్వు ముట్టుకోకు. ఎవరైనా ఫోను చేసి అడిగితే, గొంతు ఎవరిదైనా సరే, ఎక్కడ కూర్చున్నావో చెప్పకు. నువ్వు బిజీగా ఉండటమే నాకు సంతోషం. ఖాళీ అయ్యాక చెయ్యి.'

పాపాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుపు వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. అమ్మ తన కోసం పోయింది. చెప్పడానికి చేస్తే తను కట్ చేసింది. ఆవిడ ప్రాణం పెట్టి మూసిన తలుపుని తను మూడుసార్లు బటన్ నొక్కి తెరిచింది.

బల్ల మీద కొత్త ఫోను మోగింది.

ఉలిక్కిపడి ఎత్తింది. కింద గేటు దగ్గర నుంచి తాత.

"అమ్మా, నీ కోసం ఎవరో వచ్చారు."

"ఎవరు తాతా?"

"ముగ్గురు. వానలో వచ్చారు గానీ, తడవలేదమ్మా..." తాత గుసగుసగా అన్నాడు. "పేర్లు అడిగితే చెప్పలేదు. పుస్తకంలో సంతకం పెట్టమన్నాను. నువ్వు పెట్టేశావన్నారు."

పాపాయి రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఏ అంతస్తని నన్నడిగారు. నేను చెప్పలేదు తల్లీ. 'పరవాలేదు, ఫోను చేసి కనుక్కుంటాం' అన్నారు. లిఫ్టు ముందు నిలబడ్డారు. తలుపుకేసి చూస్తూ... అలా నిలబడే ఉన్నారు."

"నువ్వు బయటికి వెళ్ళిపో తాతా. పరిగెత్తు."

ఫోను పెట్టేసింది. మెట్లు కిందికి దిగేది వాళ్ళ దగ్గరికే. ఇంకో దారి లేదు. సరే. ఇక్కడే ఉంటుంది. నోరు విప్పదు. చోటు చెప్పకపోతే దొరకదు కదా. అమ్మ అదే చెప్పింది. పొద్దుటిదాకా అయినా సరే ఇలాగే కూర్చుంటుంది. ఏ ఫోనూ ఎత్తదు.

వాన ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలియదు. కిటికీ సందులో చినుకు చప్పుడు కూడా లేదు.

అప్పుడు కాళ్ళ దగ్గర ఎర్రగా ఏదో వెలిగింది.

బల్ల కింద అట్టపెట్టె. అందులో అమ్మ పాత ఫోను బోర్డు. పొద్దున పాపాయే తన చేతులతో దాని వైర్లన్నీ కత్తిరించి పెట్టింది. తొమ్మిదో దీపం వెలుగుతోంది. ఆరుతోంది. వెలుగుతోంది. గంట చాలా మెల్లగా మోగుతోంది, ఎవరైనా గుడ్డ చుట్టి మోగిస్తున్నట్టు.

ఎత్తదు. ఎత్తకూడదు.

తెర మీద అమ్మ కబురు ఇంకా తెరిచే ఉంది. అడుగున టిక్కు. మళ్ళీ చేస్తారు.

అమ్మేనేమో... ఇది కూడా కట్ చేస్తే?

మోగుతోంది. మోగుతోంది. ఏడాది కింద నిచ్చెన మీద ఇలాగే మోగింది.

వంగి రిసీవరు తీసింది. తలనొప్పి మందు వాసన. చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ అనలేదు. అవతల కూడా ఏమీ లేదు. సన్నటి గాలి... అంతే.

"ఖాళీయేనా, పాపాయీ?"

అమ్మ. అదే గొంతు. మధ్యలో అదే చిన్న దగ్గు. పాపాయి గుండె ఒక్కసారి కరిగి నీరైపోయింది. అప్పటిదాకా అనుకున్నవన్నీ ఎటు పోయాయో తెలియదు.

"ఖాళీయేనమ్మా," అంది వెక్కుతూ. "ఎంతసేపైనా ఖాళీయే. ఇంకెప్పుడూ కట్ చెయ్యను. అమ్మా, ఆ రోజు..."

"ఏడవకు. ఎక్కడ కూర్చున్నావు?"

"నీ కుర్చీలోనేనమ్మా."

అనేసింది. అన్నాక వినబడింది, తను ఏమందో.

తెర మీద అక్షరాలు అలాగే ఉన్నాయి. గొంతు ఎవరిదైనా సరే.

అవతల మాట లేదు. పెన్సిలు కాగితం మీద గీసుకుపోతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తొందర లేకుండా, వరస తర్వాత వరస.

"రాసుకున్నాను," అంది అమ్మ గొంతు. "తిరిగి చదువుతాను, సరిగ్గా ఉందో లేదో చెప్పు. రెండో అంతస్తు. ముందు గది. కిటికీకి వీపు పెట్టి. ఎడమ చేత్తో రిసీవరు పట్టుకుని... కుడి చేత్తో బల్ల అంచు పట్టుకుని... సరేనా?"

కింద ఎక్కడో లిఫ్టు మూలిగింది. పైకి బయల్దేరింది.

పాపాయి బల్ల అంచు వదల్లేదు. వదలడానికి వేళ్ళు రాలేదు. కళ్ళు మాత్రం చువ్వ మీదికి వెళ్ళాయి. ఇందాక తను తీసి పక్కన పెట్టిన మూడు కాగితాలూ బల్ల మీద లేవు. ఖాళీగా ఉన్న చువ్వకి ఇప్పుడు ఒకటి గుచ్చి ఉంది, రంగు వెలిసిన పాతది. దాని మీద అమ్మ పెన్సిలు రాతలో పాపాయి పేరుంది, లైను తొమ్మిది అని ఉంది. కింద అమ్మ పాపాయి బదులు సంతకం పెట్టిన మూల, అంతమేరకే, ఎవరో జాగ్రత్తగా చింపి పట్టుకుపోయారు.